దొంగపాట

కందుకూరు వేలం ఫ్లోరులో పదకొండేళ్లుగా
పొగాకు బేళ్లకి చీటీలు అంటించే పని నాది.
ఎవడు నిజంగా కొనడానికొచ్చాడో
ఎవడు ఊరికే ఆకు నలిపి, వాసన చూసి పోతాడో
చెప్పులు చూసి చెప్పగలను.

ఈ మనిషికి చెప్పుల్లేవు.
ముందు క, మధ్యలో నాలుగు చుక్కలు, చివర ఏడు.
అంతే పేరు.

మాలకొండ స్వామికి మల్లే మా అమ్మకందారుడికీ శనివారమే.
రాత్రి పదింటికి ఫోనులో పాట ముగుస్తుంది.
వస్తువు ఒక సీసపు నాణెం, బొటనవేలి గోరంత.
దాని మీద రెండు తెరకొయ్యల ఓడ,
కింద, నీళ్లని మనమే అనుకోవాల్సిన మూడు గీతలు.
రామాయపట్నం గాలి తగిలే ఊళ్లో పుట్టి
పడవైనా ఎక్కనివాణ్ణి,
రెండు గ్రాముల ఓడని ఆశపడ్డం తప్పా?

నేను రెండు వేలన్నాను. వాడు రెండు వేల వంద.
నేను మూడు. వాడు మూడూ వంద.
వేలాన్ని పాట అంటాం కదా మనం,
పాడుకున్నాడంటాం.
పాటకి గొంతుండాలి మరి.
వీడికి దగ్గు రాదు, పక్కవాడి వంక చూడడు,
కొండపి చిదంబరంశెట్టిలా జేబులో చెయ్యి పెట్టుకుని
వేళ్లతో లోపల్లోపల లెక్కేసుకోడు.

పోయిన నెల రాగి కాసుకీ ఇంతే.
నాలుగు వేల మూడొందల పదహారు దాకా పోతానని
నాకూ ఆ యంత్రానికీ తప్ప తెలీదు.
వాడు సరిగ్గా నాలుగు వేల మూడొందల దగ్గర ఆగాడు,
గుమ్మం దాకా తరిమి
లోపలికి రాని కుక్కలా.

పాత చిట్టాలన్నీ తిరగేశాను.
ఇరవై మూడు నాణేలకి పాడాడు, అన్నీ ఒకే అమ్మకందారువి.
గెలిచింది మూడు.
ఆ మూడూ నెల తిరక్కుండా మళ్లీ అంగట్లోకొచ్చాయి,
గుర్రం మెడ మీద అదే పచ్చ మరకతో.
ఫిర్యాదు రాశాను.
"మీ సందేహాన్ని గౌరవిస్తున్నాం" అన్నారు.

రుజువు లేదు. ఉన్నది అనుమానమే.
అదీ సీసం లాంటిదే,
గోటితో గీస్తే గీత పడుతుంది గానీ
బండ మీద వేస్తే మోగదు.

నిద్ర పట్టలేదు. మాల్యాద్రి మావ గుర్తొచ్చాడు.

నా తొమ్మిదో ఏట, పామూరు సంతలో
నాన్న ఎద్దుని అమ్ముతుంటే
మావ ఎవరో పరాయివాడిలా వచ్చి
పళ్లు లెక్కపెట్టాడు, మూపురం చరిచాడు,
తుండుగుడ్డ కింద నాన్న వేళ్లు పట్టుకుని
అసలు బేరగాడికి వినపడేట్టు
"ఇంకో వంద ఏస్తా, ఇచ్చెయ్ అబ్బయా" అన్నాడు.
ఉదయగిరి నుంచొచ్చిన ముసలాయన
మొహం కందిపోయి, రొంటిన ముడి విప్పాడు.
నవ్వకూడదని నాన్న నాకు ముందే చెప్పాడు.
నవ్వలేదు.
దారిలో మావ కజ్జికాయలు కొనిపెట్టాడు.
తియ్యగానే ఉన్నాయి.

అయినా ఆ ముసలాయనకి మావ మొహం తెలుసు.
పై వారం సంతకొచ్చి చొక్కా పట్టుకుని
నిలబెట్టి అడగొచ్చు.
రాలేదనుకోండి. రావచ్చు అంటున్నాను.
నేను ఈ చుక్కల్ని ఎక్కడ పట్టుకోను?

ఈ శనివారం మూడు వేల తొమ్మిదొందల దగ్గర ఆపేశాను.
వాడు నాలుగు వేలన్నాడు. అనేశాడు పాపం, అలవాటు మీద.
ఇంకో నిమిషముంది. నేను కదల్లేదు.
మొట్టమొదటిసారి అవతల ఎవరో
ఊపిరి బిగబట్టినట్టనిపించింది.
ఓడ వాడికి పడింది.

సోమవారం పొద్దున, మొదటి ట్రాక్టరు బేళ్లు దించుతుంటే
జేబులో ఫోను కదిలింది.
"గెలిచినవారు తప్పుకున్నారు.
మీరు పాడిన ధరకే, మీకే."

వేళ్ల నిండా జిగురు. చీటీ సగమే అంటింది.
రైతుని పేరడిగాను. చెప్పాడు.
మళ్లీ అడిగాను.

ఓడ ఇంకా ఆ మూడు గీతల మీదే ఉంది.
కావాలో వద్దో
మధ్యాహ్నం దాకా చెప్పను.
వాడూ కాసేపు నిలబడనీ,
చెప్పుల్లేకుండా, మా ఫ్లోరు బయట
కందుకూరు ఎండలో.